హైడ్రాలిక్ క్లచ్ భాగాల మార్పిడి: అధిక శక్తి గల పికప్ ట్రక్కులు

మాన్యువల్ గేర్లున్న వాహనంలో డ్రైవరు పెడల్ మీద వేసిన ఒత్తిడిని ద్రవం ద్వారా క్లచ్ దాకా చేర్చే ఏర్పాటును హైడ్రాలిక్ క్లచ్ వ్యవస్థ అంటారు. పెడల్ దగ్గర మాస్టర్ సిలిండరు, దానికి ఆయిల్ అందించే డబ్బా, గేరు బాక్సు దగ్గర స్లేవ్ సిలిండరు, రెంటినీ కలిపే పైపు ఇందులోని భాగాలు. వీటిలో ఏది పాడైనా లక్షణాలు దాదాపు ఒకేలా ఉంటాయి: గేరు సరిగా పడదు, పెడల్ మెత్తబడుతుంది, ఒక్కోసారి కిందికి పోయి పైకి రాదు. ఈ లక్షణాలు చూసి క్లచ్ ప్లేటు పోయిందనుకుని గేరు బాక్సు దించేసే గ్యారేజీలు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి. అధిక శక్తి గల పికప్‌లో ఆ పొరపాటు చాలా ఖరీదు. గేరు బాక్సే యాభై కిలోలు దాటుతుంది, క్లచ్ సెట్టు ధర మామూలు వాహనానికి అయ్యే దానికి ఎన్నో రెట్లుంటుంది, అంతా మార్చాక కూడా అదే లోపం మళ్ళీ కనిపిస్తుంది. అందుకే ఈ పనిలో విప్పడం, బిగించడం కన్నా ముందు కొలవడం ముఖ్యం.

ఈ ట్రక్కులు ఎక్కడివి

పికప్ బరువులు మోయడానికి పుట్టిన బండి. దానికి స్పోర్ట్స్ కారు ఇంజను బిగించి వేగం కోసం నడపడం ప్రధానంగా అమెరికా, ఆస్ట్రేలియాల ముచ్చట. దీనికి పేరుపొందిన ఉదాహరణ 2004 నుంచి 2006 మోడల్ వరకు వచ్చిన డాడ్జ్ రామ్ ఎస్‌ఆర్‌టి-10. వైపర్ కారులోని 8.3 లీటర్ల, పది సిలిండర్ల ఇంజనును ఇందులో పెట్టారు. శక్తి 500 హార్స్‌పవర్, టార్క్ 525 పౌండ్-అడుగులు, అంటే సుమారు 712 న్యూటన్ మీటర్లు. రెండు తలుపుల క్యాబ్ ఉన్న రకానికి ట్రెమెక్ కంపెనీ టి-56 ఆరు గేర్ల మాన్యువల్ బాక్సు, హర్స్ట్ గేరు లివరు ఇచ్చారు. తర్వాత వచ్చిన నాలుగు తలుపుల రకం ఆటోమేటిక్, దానికి క్లచ్ పెడలే లేదు. 2004 ఫిబ్రవరిలో మిషిగన్ రాష్ట్రంలోని చెల్సీ పరీక్షా ట్రాక్ మీద నాస్కార్ డ్రైవరు బ్రెండన్ గాన్ ఈ ట్రక్కును గంటకు 154.587 మైళ్ళ వేగంతో, అంటే 248 కిలోమీటర్లకు పైగా నడిపి పికప్‌ల వేగంలో గిన్నిస్ రికార్డు సాధించాడు. 2006 మేలో దక్షిణ ఆస్ట్రేలియాలోని వూమెరాలో మార్క్ స్కైఫ్ నడిపిన హెచ్‌ఎస్‌వి మాలూ ఆర్8 పికప్ గంటకు 271.44 కిలోమీటర్లతో ఆ రికార్డును దాటింది.

ఆ తర్వాత గాలి ఆటోమేటిక్ వైపు మళ్ళింది. ఫోర్డ్ రాప్టర్, రామ్ టిఆర్‌ఎక్స్ లాంటి కొత్త తరం బండ్లు మాన్యువల్ గేర్లతో రానేలేదు. కమిన్స్ డీజిల్ ఇంజనున్న బరువైన రామ్ ట్రక్కులకు 2018 మోడల్ వరకు మాన్యువల్ దొరికింది, ఆ పైన అదీ ఆగిపోయింది. కాబట్టి ఈ రోజు ఈ మార్పిడి అవసరమయ్యే శక్తిమంతమైన పికప్‌లు ఎక్కువగా పదేళ్ళ నుంచి ఇరవై ఏళ్ళు దాటినవే. వాటిలో చాలావాటిని యజమానులు ముచ్చటపడి తక్కువగా తిప్పి, జాగ్రత్తగా దాచుకున్నారు. మీటరు మీద కిలోమీటర్లు తక్కువే ఉంటాయి. కానీ సిలిండరు లోపలి రబ్బరు వాషర్లు ఏళ్ళ లెక్కన ముదురుతాయి, బండి ఎంత తిరిగిందన్నదానితో పెద్ద సంబంధం లేదు. నిలబెట్టిన బండిలోనూ రబ్బరు గట్టిపడుతుంది, ఆయిల్ తేమ పీలుస్తుంది, సిలిండరు గోడ మీద తుప్పు చుక్కలు లేస్తాయి. తక్కువ తిరిగిన బండి కదా అనే భరోసా క్లచ్ హైడ్రాలిక్స్ విషయంలో పనికిరాదు.

పెడల్ నుంచి బేరింగ్ దాకా

క్లచ్ ప్లేటును ఫ్లైవీలుకు అదిమి పట్టేది ప్రెషర్ ప్లేటు. ఇంజను టార్క్ ఎంత ఎక్కువైతే ఆ నొక్కుడు అంత గట్టిగా ఉండాలి. ఒక లెక్క చూద్దాం. ప్లేటు సగటు వ్యాసార్ధం 12 సెంటీమీటర్లు, ఘర్షణ గుణకం 0.3, రెండు ముఖాలు అనుకుంటే, 712 న్యూటన్ మీటర్ల టార్క్ జారిపోకుండా పట్టడానికి దాదాపు పదివేల న్యూటన్లు, అంటే ఒక టన్ను బరువుతో సమానమైన నొక్కుడు కావాలి. దీనికి పైన మరో మూడో వంతు నుంచి సగం దాకా అదనంగా ఉంచుకుంటారు. ఆ నొక్కుడును మనిషి ఎడమకాలు వదిలించగలగాలి.

అది సాధ్యమయ్యేది పాస్కల్ సూత్రం వల్ల. మూసిన ద్రవం మీద ఒకచోట పెట్టిన పీడనం అంతటా సమానంగా పాకుతుంది. ఈ కింది అంకెలు వివరణకు తీసుకున్నవి, ఫలానా మోడల్‌వి కావు. మాస్టర్ సిలిండరు లోవ్యాసం 19 మిల్లీమీటర్లు, స్లేవ్‌ది 22. పెడల్ లివరు నిష్పత్తి ఆరు, గేరు బాక్సు దగ్గరి ఫోర్కు నిష్పత్తి రెండు. పదిహేను కిలోల బరువంత ఒత్తిడితో, అంటే 150 న్యూటన్లతో తొక్కితే మాస్టర్ పిస్టన్ మీద 900 న్యూటన్లు పడతాయి, ద్రవంలో దాదాపు 32 వాతావరణాల పీడనం పుడుతుంది. స్లేవ్ పిస్టన్ 1,200 న్యూటన్లతో తోస్తుంది, ఫోర్కు దాన్ని 2,400 చేసి రిలీజ్ బేరింగుకు అందిస్తుంది, ఆ బేరింగు ప్రెషర్ ప్లేటులోని డయాఫ్రం స్ప్రింగు వేళ్ళను లివర్లలా నొక్కి క్లచ్‌ను వదిలిస్తుంది. బలం పదహారు రెట్లు పెరిగింది, కదలిక అన్ని రెట్లే తగ్గింది. పెడల్ 180 మిల్లీమీటర్లు దిగితే బేరింగు కదిలేది 11 మిల్లీమీటర్లు. క్లచ్ పూర్తిగా విడవడానికి అందులో ఎనిమిదో తొమ్మిదో కావాలి. మిగులు రెండు మూడు మిల్లీమీటర్లే. ఈ వ్యవస్థలో వచ్చే కష్టాలన్నీ ఆ చిన్న మిగులు చుట్టూనే తిరుగుతాయి.

ఇప్పుడు పైపులో ఒక్క మిల్లీలీటరు గాలి చిక్కిందనుకుందాం. 32 వాతావరణాల పీడనంలో ఆ బుడగ నలిగి ముప్పై మూడో వంతుకు కుంచించుకుపోతుంది. అంటే మాస్టర్ తోసిన ద్రవంలో దాదాపు మిల్లీలీటరంతా బుడగను నలపడానికే ఖర్చయింది. స్లేవ్ రెండున్నర మిల్లీమీటర్లు తక్కువ కదిలింది, బేరింగు ఒకటింపావు తక్కువ కదిలింది. ఇంత చిన్న బుడగే మిగులులో సగాన్ని మింగేసింది. దానికి తోడు ఉబ్బే రబ్బరు పైపో, పెడల్ పిన్ను దగ్గర అరుగుదలో, మాస్టర్ బిగించిన ముందు గోడ వంగడమో కలిసిందంటే క్లచ్ విడవదు.

మాస్టర్ సిలిండరులో ఇంకో చిన్న రంధ్రం ఉంటుంది. పెడల్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు పిస్టన్ ఆ రంధ్రాన్ని వదిలి వెనక్కి జరగాలి, అప్పుడే కింద ఉన్న ద్రవానికీ పైన డబ్బాకూ దారి తెరుచుకుంటుంది. వేడికి ద్రవం వ్యాకోచిస్తే ఈ దారిన వెనక్కి పోతుంది. ప్లేటు అరిగేకొద్దీ స్లేవ్ పిస్టన్ లోపలికి నెట్టబడుతుంది, ఆ మేరకు ద్రవం కూడా ఈ దారినే డబ్బాలోకి చేరుతుంది. అందువల్ల హైడ్రాలిక్ క్లచ్‌లో, ప్లేటు అరుగుతుంటే డబ్బాలో ఆయిల్ మట్టం పెరుగుతుంది. బ్రేకుల్లో ప్యాడ్లు అరిగితే మట్టం తగ్గుతుంది, ఇక్కడ దానికి సరిగ్గా తలకిందులు. క్లచ్ డబ్బాలో మట్టం తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్న మాటే.

బయటి స్లేవ్, లోపలి స్లేవ్

స్లేవ్ సిలిండరు రెండు చోట్ల ఉంటుంది. ఒకటి క్లచ్‌ను కప్పి ఉండే బెల్ హౌసింగ్ బయట, రెండు బోల్టులతో బిగించి, పుష్ రాడ్‌తో ఫోర్కును నెట్టేది. కమిన్స్ డీజిల్ రామ్ ట్రక్కుల్లో ఇదే పద్ధతి. కింద పడుకుని చేయి పెడితే అందుతుంది, గేరు బాక్సు దించనక్కర్లేదు. రెండోది బెల్ హౌసింగ్ లోపల, గేరు బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు చుట్టూ ఉంగరంలా కూర్చుని, రిలీజ్ బేరింగుతో కలిసిపోయి ఉండేది. ఫోర్డ్ రేంజర్ సహా అమెరికా పికప్‌లు చాలావాటిలో ఇది కనిపిస్తుంది. ఫోర్కు, దాని పివట్ అరుగుదల అనే బెడదలు దీనికి లేవు, తోపు తిన్నగా ఉంటుంది. కానీ చిన్న సీలు కారినా గేరు బాక్సు దించాల్సిందే. పైగా అది ఉండే చోట క్లచ్ దుమ్ము, వేడి రెండూ ఎక్కువ.

లోపలి స్లేవ్ ఉన్న బండిలో క్లచ్ సెట్టు మార్చడానికి గేరు బాక్సు దించినప్పుడు స్లేవ్ బాగానే ఉంది కదా అని పాతదే మళ్ళీ బిగించడం పొదుపు కాదు. కొత్త ప్లేటు మందంగా ఉంటుంది కాబట్టి పిస్టన్ నిలిచే చోటు మారుతుంది. ఏళ్ళ తరబడి వాషరు నడవని, మురికి పేరుకున్న భాగం మీదుగా ఇప్పుడు నడవాల్సి వస్తుంది. కొత్త క్లచ్ వేసిన కొద్ది రోజులకే పాత స్లేవ్ కారడానికి ప్రధాన కారణం ఇదే. అదే తర్కం మాస్టర్‌కూ వర్తిస్తుంది. రెండూ ఒకే ఏడు తయారై, ఒకే ఆయిల్‌లో నానినవి. ఒకటి పోయిందంటే రెండోది క్యూలో ఉంది. వీలైనంతవరకు జంటగా మార్చడమే మేలు.

విప్పేముందు చూడవలసినవి

మొదట డబ్బా మూత తీసి మట్టం, రంగు చూడాలి. క్లచ్‌లోనూ పోసేది బ్రేక్ ఆయిలే, కొత్తది నీళ్ళలా తేటగానో లేత తేనె రంగులోనో ఉంటుంది. నల్లగా ఉంటే అరిగిన రబ్బరు పొడి, క్లచ్ దుమ్ము అందులో చేరాయి. తర్వాత క్యాబ్ లోపల పెడల్ పైభాగాన మాస్టర్ పుష్ రాడ్ గోడలోకి దూరే చోట రబ్బరు తొడుగును వేలితో వెనక్కి లాగాలి. లోపల తడి తగిలితే మాస్టర్ వెనక సీలు పోయింది, ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. కార్పెట్ తడిసి, పెయింటు పొంగి ఊడుతున్నా అదే అర్థం.

బయటి తడి కనిపించకుండా మాస్టర్ లోలోపలే వదిలేసే రకం ఇంకొకటుంది. దానికి పరీక్ష తేలిక. చదునైన చోట, ముందు ఎవరూ లేకుండా చూసుకుని, బ్రేకు మీద కాలుంచి, ఇంజను ఆన్ చేసి క్లచ్ తొక్కి మొదటి గేరు వేయాలి. పెడల్‌ను అలాగే పట్టి ఉంచినప్పుడు కొన్ని సెకన్లకు బండి ముందుకు లాగడం మొదలుపెడితే, పీడనం నిలవడం లేదు, పిస్టన్ మీది వాషరు దాటి ద్రవం వెనక్కి జారిపోతోంది. రెండు మూడు సార్లు గబగబా తొక్కితే గేరు పడుతోందంటే గాలి ఉందనుకోవచ్చు.

బెల్ హౌసింగ్ అడుగున చుక్కలు కారుతుంటే అది ఏమిటో తేల్చాలి. ఇంజను వెనక సీలు పోయినా అక్కడే కారుతుంది, గేరు బాక్సు ముందు సీలు పోయినా అక్కడే. టి-56 బాక్సులో వాడేది ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ద్రవం, కాబట్టి గేరాయిల్ జిడ్డు, వాసన చూసి పోల్చుకుందామంటే కుదరదు. గ్లాసు నీళ్ళలో ఆ చుక్క వేసి కలపాలి. నూనె జాతిదైతే పైన తెట్టుగా తేలుతుంది. గ్లైకాల్ జాతి బ్రేక్ ఆయిల్ నీళ్ళలో కలిసిపోతుంది. కలిసిపోతే స్లేవ్ కారుతోంది.

బయటి స్లేవ్ ఉన్న బండిలో అన్నిటికన్నా విలువైన సాక్ష్యం కొలత. ఒకరు పెడల్ తొక్కుతుంటే కింద ఇంకొకరు స్కేలుతో పుష్ రాడ్ ఎంత కదిలిందో కొలవాలి. సర్వీసు మాన్యువల్ చెప్పినంత కదిలినా క్లచ్ విడవకపోతే తప్పు లోపల ఉంది: వంగిన ప్లేటు, విరిగిన డయాఫ్రం వేలు, పట్టేసిన పైలట్ బేరింగు. తక్కువ కదిలితే లోపల క్లచ్‌ను ముట్టుకోనక్కర్లేదు, తప్పు హైడ్రాలిక్స్‌లోనో పెడల్‌లోనో ఉంది. అయిదు నిమిషాల ఈ కొలత రోజంతా పట్టే పనిని తప్పిస్తుంది.

పెడల్ తొక్కుతున్నప్పుడు మాస్టర్ బిగించిన గోడను కూడా చూడాలి. గట్టి క్లచ్ వేసిన ట్రక్కుల్లో ఆ రేకు ముందుకు వంగుతుంది. పాత ఫోర్డ్ ఎఫ్-సిరీస్ పికప్‌లలో అక్కడ రేకు పగలడం అందరికీ తెలిసిన జబ్బే. గోడ నాలుగు మిల్లీమీటర్లు కదిలిందంటే మాస్టర్ కదలికలో నాలుగు పోయినట్టే. కొత్త సిలిండర్లు ఎన్ని వేసినా అది తీరదు, గోడకు పట్టీ వేసి వెల్డింగ్ చేయించాలి.

క్లచ్ జారడం సాధారణంగా ప్లేటు అరుగుదల. కానీ ఒక సందర్భంలో హైడ్రాలిక్స్ వల్ల కూడా జారుతుంది. మాస్టర్ పుష్ రాడ్ పొడవైతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, పైన చెప్పిన రంధ్రం మూసుకునే ఉంటుంది. ఇంజను వేడెక్కేకొద్దీ ద్రవం వ్యాకోచించి, పోయే దారి లేక స్లేవ్‌ను నెడుతుంది. ఎవరూ తొక్కకుండానే క్లచ్ సగం నొక్కినట్టుంటుంది. జారుతున్న సమయంలోనే స్లేవ్ మీద గాలి వదిలే బ్లీడర్ స్క్రూ వదులు చేసి చూస్తే, ఆయిల్ చిమ్మి వెంటనే జారడం ఆగితే కారణం దొరికినట్టే. 700 న్యూటన్ మీటర్ల ఇంజను ముందు ఇలా సగం వదిలిన ప్లేటు ఎంతోసేపు నిలవదు.

ద్రవం

ఎక్కువ ట్రక్కుల్లో వాడేది డాట్-3 లేదా డాట్-4 రకం బ్రేక్ ఆయిల్. అమెరికా ప్రమాణం ప్రకారం కొత్త డాట్-3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా, డాట్-4 కనీసం 230 దాకా మరగకూడదు. తేమ పీల్చాక ఆ కనీస హద్దులు 140కి, 155కి పడిపోతాయి. ఎగ్జాస్టు గొట్టాల పక్కనుంచి పైపు పోయే ట్రక్కులో, వరసగా గట్టిగా లాగించాక పెడల్ కిందే ఉండిపోయి, కాసేపు ఆగాక మామూలైతే ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుట్టాయని అనుమానించాలి. సిలికాన్ జాతి డాట్-5ను వీటిలో కలపకూడదు. పెట్రోలియం నూనె అసలే పోయకూడదు, రబ్బరు వాషర్లు ఉబ్బి వ్యవస్థ మొత్తం పనికిరాకుండా పోతుంది. అలా ఎవరైనా పొరపాటున పోస్తే కడిగి వాడుకుందామనే ఆశ వదులుకుని రబ్బరున్న ప్రతి భాగాన్నీ మార్చాలి.

కారు యజమానులు బ్రేక్ ఆయిల్ మార్పు గురించి కొంతైనా వింటారు, క్లచ్ ఆయిల్‌ను తలచుకునేవారే ఉండరు. స్లేవ్ దగ్గర ద్రవం కొద్దిగా అటూఇటూ ఆడుతుందే తప్ప తిరగదు. అందుకే కిందిదంతా నల్లబడినా పైన డబ్బాలో తేటగా కనిపించవచ్చు. రెండేళ్ళకోసారి మార్చడం మంచి అలవాటు.

మార్పిడి పని

మార్పిడికి ముందు పెయింటు మీద గుడ్డలు కప్పాలి, పక్కన నీళ్ళ బకెట్టు ఉంచుకోవాలి. బ్రేక్ ఆయిల్ పడితే పెయింటు లేచిపోతుంది, వెంటనే నీళ్ళు పోస్తే దక్కుతుంది. బండి కింద దూరేవాడు జాకీని నమ్మకూడదు, స్టాండ్లు వేయాలి. పాత క్లచ్ దుమ్మును గాలి కొట్టి ఎగరగొట్టకూడదు, తడి గుడ్డతో తుడవాలి. పాత బండ్ల ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండేది.

మాస్టర్ తీయడంలో ఇబ్బంది పెట్టేది చోటు. డాష్‌బోర్డు కిందికి తల దూర్చి పుష్ రాడ్ క్లిప్పును పెడల్ పిన్ను నుంచి ఊడదీయాలి. కొన్ని మోడళ్ళలో సిలిండరు రెండు నట్లతో ఉంటుంది, కొన్నింటిలో కొద్దిగా తిప్పితే గోడ నుంచి ఊడివస్తుంది. క్లిప్పు, పిన్ను చుట్టూ ఉండే ప్లాస్టిక్ బుష్ అరిగి ఉంటే అప్పుడే మార్చాలి. అక్కడ ఒక మిల్లీమీటరు ఆట ఉంటే పెడల్ దగ్గర ఆరు మిల్లీమీటర్లు వృథా.

పైపు కలిసే చోట చాలా అమెరికన్ ట్రక్కుల్లో మరలు ఉండవు, నొక్కితే ఊడే జాయింటు ఉంటుంది. దానికి చవకైన ప్లాస్టిక్ పనిముట్టు దొరుకుతుంది. అది లేకుండా స్క్రూడ్రైవరుతో పొడిస్తే జాయింటు అంచు చెక్కుకుపోయి కొత్త సిలిండరు కూడా కారుతుంది. ఇంకొన్నింటిలో పైపు కొనను సన్నని రోల్ పిన్ను పట్టి ఉంచుతుంది, దాన్ని కొట్టి తీసినప్పుడల్లా ఓ-రింగు కొత్తది వేయాలి.

రామ్, జీపు కుటుంబాల్లో చాలా మోడళ్ళకు మాస్టర్, పైపు, స్లేవ్, డబ్బా అన్నీ కలిపి, ఫ్యాక్టరీలోనే ఆయిల్ నింపి గాలి తీసిన ఒకే సెట్టుగా అమ్ముతారు. దీన్ని ఎక్కడా విప్పకుండా, ఇంజను మీదుగా పాకిస్తూ రెండు కొనలూ చేర్చాలి. స్లేవ్ పుష్ రాడ్‌ను పట్టి ఉంచే ప్లాస్టిక్ పట్టీని తీసేయాలనిపిస్తుంది, తీయకూడదు. మొదటిసారి పెడల్ తొక్కగానే అదే తెగిపోతుంది. ముందే తెంపితే రాడ్ బయటికి తన్నుకొచ్చి పనిని రెట్టింపు చేస్తుంది. ఇలాంటి సెట్టు దొరికే బండికి విడిభాగాలు కొని గాలి తీసుకుంటూ కూర్చోవడం కన్నా సెట్టు వేయడమే ఉత్తమం, కాస్త ఖర్చెక్కువైనా.

లోపలి స్లేవ్‌కు గేరు బాక్సు దించాలి. బాక్సును గేరు జాకీ మీద తిన్నగా లాగాలి, తిన్నగా ఎక్కించాలి. ఇన్‌పుట్ షాఫ్టు ప్లేటులో ఉండగా బాక్సు బరువు దాని మీద వేలాడితే ప్లేటు వంగిపోతుంది. ఆ తర్వాత ఎంత హైడ్రాలిక్స్ బాగుచేసినా క్లచ్ విడవదు. బాక్సు కింద ఉన్నంతసేపూ ఎవరూ పెడల్ తొక్కకుండా దానికి చీటీ కట్టడం మంచిది. ఎదురు లేని స్లేవ్ పిస్టన్ బయటికి ఊడిపడుతుంది. బయటి కంపెనీలు చేసిన హైడ్రాలిక్ రిలీజ్ బేరింగు వేస్తుంటే, బేరింగుకూ డయాఫ్రం వేళ్ళకూ మధ్య ఎడం లెక్కగట్టి షిమ్ములు (పలుచని రేకు ఉంగరాలు) వేయాలి. మామూలుగా మూడు నుంచి అయిదు మిల్లీమీటర్ల మధ్య అడుగుతారు. ఎడం తక్కువైతే ప్లేటు అరిగేకొద్దీ పిస్టన్‌కు వెనక్కి పోయే చోటు చాలదు, ఎక్కువైతే పిస్టన్ తన హద్దు దాటి పోవచ్చు. ఫ్యాక్టరీ స్లేవ్‌లో స్ప్రింగు ఉండి బేరింగు ఎప్పుడూ వేళ్ళను తాకుతూనే ఉంటుంది, దానికి ఈ ఎడం అక్కర్లేదు.

గాలి తీయడం

ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. బ్రేకులకు అలవాటైన పద్ధతి, ఒకరు తొక్కి పట్టి ఉంటే ఇంకొకరు స్క్రూ తిప్పి వదలడం, క్లచ్‌కు కూడా పనిచేస్తుంది. కానీ క్లచ్ మాస్టర్ ఒక్కో తొక్కుకు పంపే ద్రవం తక్కువ, పైన చెప్పిన ఉదాహరణలో ఎనిమిదిన్నర మిల్లీలీటర్లే. పైపు ఎక్కడైనా వంపు తిరిగి పైకి లేస్తే బుడగ ఆ ఎత్తున చేరి, తొక్కినప్పుడు కొంచెం కిందికి జరిగి, వదలగానే మళ్ళీ అక్కడికే ఎక్కుతుంది. రేంజర్‌లో మాస్టర్ సిలిండరు వాలుగా ఉంటుంది, గాలి దాని ఎత్తు కొనలో చిక్కి ఎంత తొక్కినా రాదు.

అలాంటి మాస్టర్‌ను బిగించకముందే బల్ల మీద నింపాలి. ఇంజక్షను ఇచ్చేముందు నర్సు సిరంజిని నిలబెట్టి గాలి వదిలినట్టే, ఇక్కడా సిలిండరు రంధ్రం పైకి ఉండేలా వైసులో పట్టి, పుష్ రాడ్‌ను నెమ్మదిగా నొక్కుతూ బుడగలు ఆగేదాకా చేయాలి. గబగబా నొక్కితే పెద్ద బుడగ చిన్నచిన్న నురగై ద్రవంలో కలిసిపోతుంది, అది తేలి పైకి రావడానికి చాలాసేపు పడుతుంది.

బండి మీద ఉన్నదానికి కింది నుంచి పైకి నింపే పద్ధతి నమ్మదగినది. స్లేవ్ బ్లీడర్‌కు సన్నని గొట్టం తగిలించి, పెద్ద సిరంజితో శుభ్రమైన ఆయిల్‌ను మెల్లగా పైకి నెట్టాలి. గాలి స్వభావమే పైకి పోవడం కాబట్టి మనం దాని దారినే నడిపిస్తున్నట్టు. డబ్బా పొంగకుండా పైన ఇంకొకరు ఆయిల్ తోడుతుండాలి. పాత మురికి ఉన్న వ్యవస్థలో మాత్రం ఈ పద్ధతి వాడకూడదు, అడుగున పేరుకున్న మడ్డి అంతా మాస్టర్‌లోకి ఎక్కుతుంది. ముందు పైనుంచి కిందికి కడిగి తర్వాత చేయాలి. బయటి స్లేవ్ అయితే ఇంకో ఉపాయం ఉంది: బోల్టులు విప్పి, స్లేవ్‌ను బ్లీడర్ పైకి వచ్చేలా వేలాడదీసి, పుష్ రాడ్‌ను చేత్తో లోపలికి నెమ్మదిగా నొక్కి వదలడం. ఒక్కో నొక్కుకు డబ్బాలో బుడగలు తేలడం కంటికి కనిపిస్తుంది. డబ్బాపై వ్యాక్యూమ్ పంపు పెట్టి లాగడం కూడా మంచిదే, ముఖ్యంగా లోపలి స్లేవ్‌కు.

బ్లీడర్ మరల చుట్టూ గాలి పీల్చుకుంటే గొట్టంలో బుడగలు ఆగవు, లోపల గాలి లేకపోయినా. చాలామంది ఇది చూసి గంటల తరబడి ఆయిల్ వృథా చేస్తారు. వ్యాక్యూమ్ వాడేటప్పుడు గొట్టంలోని బుడగల కన్నా పెడల్ గట్టితనాన్ని, పుష్ రాడ్ కదలికను నమ్మాలి.

శక్తి పెంచినప్పుడు

ఇంజను శక్తి పెంచినవాళ్ళు గట్టి ప్రెషర్ ప్లేటు వేస్తారు. అక్కడ పెరిగిన బరువంతా వెనక్కి వచ్చి పైపును, వాషర్లను, గోడను, కాలిని పరీక్షిస్తుంది. అప్పటిదాకా బాగున్న మాస్టర్ కొత్త క్లచ్ వేసిన వారానికే కారితే తప్పు కొత్త క్లచ్‌ది కాదు. ప్లాస్టిక్, రబ్బరు పైపుల స్థానంలో స్టీలు అల్లిక గొట్టం వేస్తే ఉబ్బు తగ్గుతుంది. దాన్ని ఎగ్జాస్టుకు దూరంగా పోనిచ్చి, వేడి తొడుగు వేయాలి.

పెద్ద వ్యాసం మాస్టర్ వేస్తే కదలిక పెరుగుతుంది. 19 మిల్లీమీటర్ల చోట 22 వేస్తే ద్రవం మూడో వంతు ఎక్కువ పోతుంది, తొక్కడానికి కావలసిన బలమూ అంతే పెరుగుతుంది. అవసరానికి మించి కదలిక ఇస్తే డయాఫ్రం వేళ్ళు హద్దు దాటి వంగి విరుగుతాయి, లోపలి స్లేవ్ పిస్టన్ బయటపడుతుంది. అందుకే పెద్ద మాస్టర్ వేసినవారు పెడల్ కింద ఆపుడు బోల్టు కూడా పెట్టాలి. పొడవు మార్చుకునే పుష్ రాడ్ ఉన్న మాస్టర్‌లు బరువైన రామ్ ట్రక్కులకు దొరుకుతాయి, ఉపయోగకరమైనవే, కానీ సర్దేటప్పుడు పైన కొద్దిగా ఆట వదలాలి. ఆ ఆట లేకపోతే జరిగేదేమిటో ముందే చెప్పాం. జంట ప్లేట్ల క్లచ్ మరో దారి. ఘర్షణ ముఖాలు నాలుగవడంతో అదే టార్క్‌కు సగం నొక్కుడు చాలు, పెడల్ తేలిక. కానీ రెండు ప్లేట్లూ విడవాలి కాబట్టి కదలిక కొంచెం ఎక్కువ కావాలి, హైడ్రాలిక్స్‌లో గాలిని అది అసలు ఓర్చుకోదు.

ఎక్కువ వేగంతో గేరు మార్చినప్పుడు పెడల్ కింద అతుక్కుపోవడం వేగం కోసం నడిపేవారి సాధారణ ఫిర్యాదు. అధిక తిరుగుళ్ళలో డయాఫ్రం వేళ్ళ మీద అపకేంద్ర బలం పనిచేసి అవి వెనక్కి తోసే శక్తి తగ్గుతుంది. దానికి మురికి ఆయిల్, సన్నని దారి, పెడల్‌ను కిందికి లాగే సహాయ స్ప్రింగు తోడైతే పైకి రావడానికి బలం చాలదు. ఆయిల్ మార్చడం దీనికి మొదటి మందు, చవకైనది కూడా.

భారతదేశంలో

మన దగ్గర ఇంత శక్తి గల పికప్‌లు లేవు, కానీ వ్యవస్థ ఇదే. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు కంపెనీ డి-మ్యాక్స్ పికప్‌లు తయారుచేస్తోంది. టొయోటా హైలక్స్ 2022లో వచ్చింది. దాని 2.8 లీటర్ల డీజిల్‌కు మాన్యువల్ గేర్లతో 420 న్యూటన్ మీటర్ల టార్క్ ఉంది, ఆటోమేటిక్‌తో 500. కాకినాడ, విశాఖ లాంటి తీర పట్టణాల్లో గాలి తేమ ఎక్కువ, ఆయిల్ త్వరగా తడి పీలుస్తుంది. డబ్బా మూత వదులుగా ఉంచకూడదు, తెరిచి వాడగా మిగిలిన ఆయిల్ సీసాను ఆరు నెలల తర్వాత మళ్ళీ వాడకూడదు. రిపేరు కిట్టుతో వాషర్లు మార్చి పాత సిలిండరునే నడిపించడం మన గ్యారేజీల్లో ఇంకా ఉంది. సిలిండరు గోడ వేలికి నున్నగా తగిలితే అది సబబైన పనే. గోరుకు గుంట తగిలితే మాత్రం కొత్త సిలిండరే వేయాలి, గీతపడిన గోడ కొత్త వాషరును కొద్ది వారాల్లో తినేస్తుంది.

పని పూర్తయ్యాక

బిగించి గాలి తీశాక, పెడల్ పూర్తిగా తొక్కి కొన్ని సెకన్లు ఆగి రివర్సు వేయాలి. చాలా గేరు బాక్సుల్లో రివర్సుకు సింక్రో ఉండదు కాబట్టి క్లచ్ కాస్త విడవకపోయినా గరగరమంటుంది. తర్వాత బండిని బాగా వేడెక్కేదాకా నడిపి, మళ్ళీ అదే పరీక్ష చేయాలి. చల్లగా బాగున్నది వేడికి మారితే గాలి మిగిలింది, లేదా పైపు ఎగ్జాస్టుకు దగ్గరగా ఉంది. రాత్రంతా నిలిపి పొద్దున్న మొదటి తొక్కులో పెడల్ ఎలా ఉందో చూడాలి. బుడగలు తేలి డబ్బా చేరడానికి ఆ సమయం పడుతుంది, తరచుగా పెడల్ ముందురోజు కన్నా బాగుంటుంది. డబ్బా మీద మట్టం దగ్గర పెన్నుతో గీత గీసి, వారం తర్వాత చూసుకోవాలి. మట్టం గీత కిందికి దిగిందంటే ఏదో జాయింటు మళ్ళీ విప్పాలి.